రెండు బండల వాగు

మా దువ్వాడ వీధిలో కుర్రాళ్ళు సెలవు దొరికితే చాలు, ట్రెక్కింగ్ అంటూ బయలుదేరతారు. వీపున ఎత్తు సంచులు, చేతుల్లో మడతపెట్టే కర్రలు, కాళ్ళకు రంగురంగుల బూట్లు. మొన్న వాళ్ళలో ఒకమ్మాయి మా గేటు దగ్గర బండి కోసం నిలబడి, "అంకుల్, మీరెప్పుడైనా ట్రెక్కింగ్ చేశారా?" అని అడిగింది. ఒకసారి చేశానమ్మా, నెత్తిన ఫ్యాక్టరీ హెల్మెట్టు, కాళ్ళకు ఇనుప ముక్కున్న సేఫ్టీ బూట్లు వేసుకుని, అన్నాను. పకపకా నవ్వింది. ఈలోగా బండి వచ్చింది, ఎక్కి చెయ్యూపి వెళ్ళిపోయింది. నవ్వించి వదిలేశాను గానీ అసలు సంగతి చెప్పలేదు. ఆ అమ్మాయికీ, ఆమె ఈడు వాళ్ళకీ అది ఇక్కడ చెబుతున్నాను.

నాది రిగ్గింగ్ పని. అంటే బరువులెత్తే పని. వీపు మీద కాదు, తాళ్ళతో, కప్పీలతో, క్రేన్లతో. మాది గోదావరి జిల్లా. మా నాన్న నన్ను కొబ్బరిచెట్లు ఎక్కించాలనుకున్నాడు, నేను విశాఖపట్నం వచ్చి చిమ్నీలు ఎక్కాను. ఎక్కడం మాత్రం తప్పలేదు.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. క్రేను డ్రైవరు పైన గదిలో కూర్చుంటాడు. కింద మోతలో ఎవరి మాటా అతనికి వినపడదు. అందుకని కింద సిగ్నల్‌మేన్ అని ఒకడుంటాడు. ఎత్తు, దించు, మెల్లగా, ఇటు రా, అన్నీ చేతులతోనే చెప్తాడు. డ్రైవరు ఆ ఒక్కడి చేతులు తప్ప ఇంకెవరి చేతులూ చూడకూడదు, జనరల్ మేనేజరు వచ్చి ఊపినా సరే. ఒక్క 'ఆపు' దగ్గర మాత్రం ఈ నియమం చెల్లదు. రెండు చేతులూ పైకెత్తి 'ఆపు' అని ఎవరు చూపించినా, టీ తెచ్చేవాడైనా, నిన్న చేరినవాడైనా, ఆపేయాల్సిందే. ఎందుకాపమన్నావని తరవాత తీరిగ్గా తిట్టుకోవచ్చు.

మా జట్టుకి నేను ఫోర్‌మన్ని. మా సిగ్నల్‌మేన్‌ది కంచరపాలెం. నేనూ వాడూ బావా బావా అనుకునేవాళ్ళం. చుట్టరికం ఏమీ లేదు, విశాఖలో ఆ పిలుపుకి చుట్టరికం అక్కర్లేదు. వాడికి చేతులే నోరు. ఇంట్లో భార్య అన్నం వడ్డిస్తుంటే కూడా 'దించు, ఇంకొంచెం, చాలు' అని వేళ్ళతోనే చెప్పేవాడు. మూడోవాడు వెల్డరు, గోపాలపట్నం మనిషి, ఆదివారం చర్చి తప్పనివాడు. నిప్పుతో ఆడుకునేవాడే గానీ మిగతా అన్నిటికీ భయమే. బల్లికి భయం, ఎత్తుకి భయం, నీళ్ళకి మరీ భయం. వాణ్ణి ఏడిపించడం మాకు క్యాంటీనులో రోజువారీ కాలక్షేపం.

మా కంపెనీకి మణిపూర్ సరిహద్దు కొండల్లో ఒక వంతెన పని దొరికింది. రెండో ప్రపంచయుద్ధం నాటి పాత ఇనుప వంతెన విప్పి, కొత్త గర్డర్లు ఎక్కించాలి. ఇప్పుడైతే అటు వెళ్ళడానికి వెనకాడే రోజులు గానీ అప్పుడు కొంచెం ప్రశాంతంగానే ఉండేది. బయలుదేరే ముందు సిగ్నల్‌మేన్‌ని పిలుచుకు రావడానికి కంచరపాలెం వెళ్ళాను. రైలు పట్టాల పక్కనే వాళ్ళ ఇల్లు. బండి వెళ్ళినప్పుడల్లా గోడలు అదిరేవి, తలుపు వెనకాల మేకుకి వేలాడే ఒక ఫోటో టకటకా కొట్టుకునేది. అంత మరుగున ఎవరూ ఫోటో పెట్టరు. దానికి దండ లేదు, బొట్టు లేదు.

"అది మా తాత, అమ్మ తండ్రి," అన్నాడు వాడు నేను చూడటం గమనించి. "అమ్మకి ఆయన మీద కోపం."

వాళ్ళమ్మ మంచం మీద కూర్చుని ఉంది. గుండె జబ్బు. డాక్టర్లు ఆపరేషను అంటే ఈవిడ వద్దంది. నన్ను దగ్గర కూర్చోబెట్టుకుని, మీరెళ్ళేది ఆ కొండలకేనా అని రెండుసార్లు అడిగి, అప్పుడు చెప్పింది.

"జపానోడు బాంబులేసేడని బర్మాలో రంగం ఒగ్గేసి వచ్చేసేం బాబూ. ఓడల్లో మాలాంటోళ్ళకి సోటు నేదు. మా నాన్న, అమ్మ, నాను అడివంట నడిసొచ్చేం. ముందు ట్రంకుపెట్టి ఒగ్గేసేం. తరవాత గిన్నిలు ఒగ్గేసేం. ఆ తరవాత మాటలు కూడా ఒగ్గేసేం, ఓపిక నేక. అమ్మకి జొరం. ఓ వాగు కాడికొచ్చేం. నాన్న నన్ను బుజం మీద కూకోబెట్టి ముందు ఇవతలకి దాటించేడు. అమ్మ అవతల రెండు బండల నడుమ కూకుంది. రెండు బండలు ఒకదానిమీదొకటి వాలిపోయి ఉంటాయి, ఇల్లునాగ. నాన్న మళ్ళీ దిగేడు. సగానికెళ్ళేడు. వాగు పెరిగిపోతంది. అమ్మ రెండు సేతులెత్తి రావొద్దంది. అంతే, ఈయన తిరిగొచ్చేసేడు. మర్నాడికీ వాగు తగ్గనేదు, జనం ఆగనేదు. ఎళ్ళిపోనాం."

కాసేపు ఊపిరి తీసుకుని మళ్ళీ అంది. "ఆవిడ వద్దంటే మాత్రం ఆగిపోడమేనేటి బాబూ? సగం దూరం ఎళ్ళినోడికి మిగతా సగం పెద్ద లెక్కా?"

చిన్నప్పటినుంచీ ముసలితనం దాకా ఆవిడ పట్టుకుని ఉన్న ప్రశ్న అదొక్కటే. వాళ్ళలో పోయిన మనిషి పేరున ఒక రాయి పెట్టి, దానికి నీళ్ళు వదిలి దినం చేస్తారు. ఆ తల్లికి ఎవరూ చేయలేదు. పోవడం చూసినవాళ్ళు లేరు కదా. ఇప్పుడు తన రోజులు దగ్గరపడ్డాయని ఈవిడకు తెలుసు. కొడుకు చెయ్యి పట్టుకుని చెప్పింది: "ఆ బండల కిందనించి ఓ రాయి తీసుకురా. అమ్మని సాగనంపి నానూ ఎళ్ళిపోతాను. మీ తాతనాగ సగంలోంచి తిరిగి మాత్రం రాకు."

వాడు తలూపాడు. బయట ఆటోలో కూర్చున్నాక కూడా ఊపుతూనే ఉన్నాడు.

ఆ కొండల్లో మేము గడిపిన నెలలు ఇప్పుడు తల్చుకుంటే నిజంగా గడిపానా, కలగన్నానా అనిపిస్తుంది. పొద్దున లేస్తే మంచు వంతెనను మింగేసి ఉండేది. ముందు క్రేను కొక్కెం ఒక్కటే గాలిలో కనిపించేది, కాసేపటికి తాడు, ఇంకాసేపటికి క్రేను. సిగ్నల్‌మేన్ చేతులు మబ్బులో తెల్ల చేతి తొడుగులుగా మాత్రమే కనిపిస్తూ బరువుల్ని పిలిచేవి. వానలు మొదలై కింద రోడ్డు కొట్టుకుపోయింది. గర్డర్లు మోసుకొచ్చే లారీలు కిందే చిక్కుకున్నాయి. పని ఆగింది. ఆ సాయంత్రం వాడు నా గుడారంలోకి వచ్చి, "బావా, ఎల్దామా?" అన్నాడు. ఎక్కడికని నేను అడగలేదు.

దగ్గరి పల్లెలో ఒకావిడ దారి చూపిస్తానంది. యాభై దాటిన మనిషి, వీపున బుట్ట, దాని పట్టీ నుదుటికి. రెండు బండల వాగు అనగానే తెలుసంది. ఆ పల్లెలో యుద్ధం ఇంకా అయిపోయినట్టు లేదు. కోళ్ళు నీళ్ళు తాగేది సైనికుడి ఇనుప టోపీలో. వాననీళ్ళు పట్టేది పెట్రోలు పీపాలో. చర్చి గంట ఒక పాత బాంబు గుల్ల. మా వెల్డరు దాన్ని వేలితో కొట్టి చూసి, చెవి పెట్టి విని, "మంచి స్టీలే బావా, ఏసుప్రభువు దీనికి పని మార్చేడు," అన్నాడు. నాకు ఆ మాట ఎంతో నచ్చింది గానీ వాడితో చెప్పలేదు, చెబితే నెత్తికెక్కుతాడు.

అలా నలుగురం బయలుదేరాం. అడవికి వెళ్తున్నాం కదా, సేఫ్టీ ముఖ్యం అనుకుని నేను అందరికీ హెల్మెట్లు, సేఫ్టీ బూట్లు తప్పనిసరి చేశాను. ఫోర్‌మన్ బుద్ధి ఎక్కడికి పోతుంది? మొదటి మడుగులోనే బూట్లలోకి నీళ్ళు వచ్చాయి, నీళ్ళతో జలగలు వచ్చాయి. ఇనుప ముక్కు మీద గర్డరు పడితే వేళ్ళు దక్కుతాయి గానీ జలగ లోపలికి దూరితే ఆ ముక్కేం చేస్తుంది? వెల్డరు బూటు విప్పి చూసుకుని కేకపెడితే దారి చూపే ఆవిడ చెట్టుకి ఆనుకుని మరీ నవ్వింది. ఆవిడవి ప్లాస్టిక్ చెప్పులు. వాటిలోకి వచ్చిన నీళ్ళు వచ్చినట్టే పోతున్నాయి.

దారి మాత్రం నేను మర్చిపోలేనిది. నడిచిన పాదాల బరువుకి నేల కుంగిపోయి, రెండు వైపులా గట్టు లేచి, పైన వెదుళ్ళు కమ్ముకుని ఆకుపచ్చ గుహలా ఉంది. అందులో వెలుగు కూడా నీళ్ళలో వెలుగులా కదిలేది. మేము మాట్లాడుకోవడం మానేశాం. ఎవరూ మానమనలేదు, దారే మాన్పించింది. ఆ నిశ్శబ్దంలో నా వెనక ఇంకెవరో నడుస్తున్నట్టుండేది. తిరిగి చూస్తే వెల్డరే. మళ్ళీ నడిస్తే మళ్ళీ అదే. ఒక మలుపులో చెట్టు వేళ్ళ మధ్య ఇరుక్కుని ఒక సత్తుగిన్నె అంచు కనిపించింది. సిగ్నల్‌మేన్ దాని ముందు చాలాసేపు కూర్చున్నాడు. ఎవరి గిన్నో. ఆ గిన్నె వదిలేసినప్పుడు ఆ ఇంటావిడ ఏమనుకుందో. దాన్ని తీయకుండా ఆకులు కప్పి లేచాడు.

ఒక రాత్రి ఒక పల్లెలో పడుకుని, పొద్దున్నే మళ్ళీ నడిచి వాగు దగ్గరికి దిగాం. మంచు విడిపోయి ఎండ వచ్చింది. అవతలి ఒడ్డున రెండు బండలు. ఒకదాని మీద ఒకటి వాలి, మధ్యలో మనిషి కూర్చునేంత నీడ. సిగ్నల్‌మేన్‌కి వాళ్ళమ్మ చెప్పింది చెప్పినట్టే ఉన్నాయి. వాడు హెల్మెట్టు తీసి చేత్తో పట్టుకున్నాడు. ఎవరి ఇంట్లోకో అడుగుపెడుతున్నట్టు బూట్లు కూడా విప్పేశాడు.

"పైన వాన పడితే మాత్రం దిగకండి," అని దారి చూపే ఆవిడ వచ్చీ రాని హిందీలో చెప్పి, వెదురు కొమ్ముల కోసం గట్టు మీదికి వెళ్ళింది. మేము తలెత్తి చూశాం. నీలంగా ఉంది. మా నెత్తి మీద ఉన్నదే ఆకాశమనుకున్నాం, కొండ అవతల ఇంకో ఆకాశం ఉంటుందని తట్టలేదు.

నీళ్ళు తొడల లోతు, వడి ఉంది గానీ దాటగలిగేదే. నేను నా విద్యంతా చూపించాను. సిగ్నల్‌మేన్ నడుముకి తాడు కట్టి, రెండో కొస చెట్టుకి ఒక చుట్టు చుట్టి, నెమ్మదిగా వదులుతూ నిలబడ్డాను. నీటి మోతలో మాట వినపడదని మా ఇద్దరికీ మధ్య గట్టు అంచున వెల్డర్ని నిలబెట్టాం. వాడికి నీళ్ళ దగ్గర నిలబడటమే ప్రాణసంకటం. ప్రభువా ప్రభువా అంటూనే నిలబడ్డాడు.

సిగ్నల్‌మేన్ దిగాడు. వాడి కళ్ళు బండల మీద. నా కళ్ళు తాడు మీద. సగం దాటాడు, సగానికి మించి దాటాడు. ఇంకో రెండడుగులేస్తే చెయ్యి చాపి బండ అందుకోవచ్చు. అప్పుడు గట్టు అంచున వెల్డరు రెండు చేతులూ పైకెత్తాడు.

నేను ఆలోచించానని చెప్పను. నా చేతులు తాడు బిగించేశాయి, అంతే. తాడు లాగినట్టయి సిగ్నల్‌మేన్ వెనక్కి తిరిగాడు. వాడి మొహంలో అంత కోపం నేనెప్పుడూ చూడలేదు. ఒదులు బావా, రెండడుగులే, అంటున్నాడని పెదవుల్ని బట్టి తెలిసింది. ఆ తరవాత వాడు వెల్డరు చేతుల్ని చూశాడు. జీవితమంతా ఆ సైగను కాపాడిన మనిషి వాడు. ఇంకోసారి బండల వైపు చూశాడు. చూసి, తిరిగి వచ్చాడు.

వాడు గట్టెక్కుతుంటే శబ్దం మారింది. ఎర్రటి నీళ్ళు గోడలా వచ్చాయి. వేళ్ళతో సహా ఒక చెట్టు దొర్లుకుంటూ వచ్చి, వాడు నిలబడ్డ చోటు మీదుగా వెళ్ళిపోయింది.

నేను చెట్టు నుంచి తాడు విప్పి వచ్చాను. "నీకెలా తెలిసిందిరా?" అన్నాను వెల్డరుతో.

వాడు కింద కూలబడి ఉన్నాడు. "నాకేటి తెలుసు బావా, బయమేసింది. అంతవరకూ ఎండాకులొచ్చేయి, ఒక్కసారి పచ్చాకులు రావడం మొదలెట్టేయి, పైన సెట్లు ఇరుగుతన్నట్టు. మీరిద్దరూ సూడనేదు. బయపడేవోడికి అన్నీ కనపడతాయి."

ఆ రోజు నుంచి వాణ్ణి పిరికివాడని నేను ఏడిపించలేదు. పిల్లలూ, మీ జట్టులో భయపడేవాడు ఒకడుంటే వాణ్ణి ఇంట్లో వదిలేసి వెళ్ళకండి. మందుల సంచి కంటే ముందు వాణ్ణి సర్దుకోండి.

నీళ్ళు తగ్గుతాయేమోనని మధ్యాహ్నం దాకా చూశాం. పెరిగాయే గానీ తగ్గలేదు. దారి చూపే ఆవిడ దిగి వచ్చి, వాగును చూసి, మమ్మల్ని చూసి, బుట్ట దించి పక్కన కూర్చుంది. ఇక వెళ్ళాలి. సిగ్నల్‌మేన్ లేచి ఒడ్డు మీద నిలబడి, "అమ్మమ్మా!" అని అరిచాడు. ఆ మాట వాడి నోటి దగ్గరే మునిగిపోయింది. మళ్ళీ అరిచాడు. మోతలో మాకే సరిగా వినపడలేదు.

అప్పుడు వాడు చేతులెత్తాడు. మోచేతులు వంచి, అరచేతులు తనవైపు తిప్పుకుని, రెండు చేతులతోనూ పిలిచాడు. ఇటు రా. ఎన్నో బరువుల ముందు ఆ చేతుల్ని చూశాను, ఎప్పుడూ అంత మెత్తగా కదలడం చూడలేదు. మెల్లగా, అని వేళ్ళతో చెప్పాడు. తొందర లేదు. ఇంకొంచెం. వాగు మధ్య ఏదో ఉన్నట్టు వాడి చూపు అవతలి ఒడ్డు నుంచి ఇవతలికి నెమ్మదిగా జరిగింది. నేను ఒట్టేసి చెబుతున్నాను, నా చూపూ దానితోపాటే జరిగింది. అరచేతులు కిందికి తిప్పి, దించు, అన్నాడు. తన కాళ్ళ దగ్గర, సున్నితంగా. చివరికి రెండు చేతులూ గుండె దగ్గర కలిపాడు. పని పూర్తయిందని చెప్పడానికి మాకున్న సైగ అది. చూసేవాళ్ళకు దండం పెట్టినట్టుంటుంది. వెల్డరు వెక్కి వెక్కి ఏడ్చాడు, నేనూ ఏడ్చాను. సిగ్నల్‌మేన్ వంగి, కాళ్ళ దగ్గరున్న ఒక నల్లటి రాయి తీసి తువ్వాలులో మూటకట్టుకున్నాడు.

పని ముగించుకుని రైల్లో తిరిగి వస్తుంటే వాడి ఒళ్ళో ఆ మూట. "అమ్మకి ఏటి సెప్పాలి బావా?" అన్నాడు.

"అవతలిదేనని సెప్పీరా. రాయికి నోరుందేటి?" అన్నాడు వెల్డరు.

నాకూ అదే నయమనిపించింది. పోయే ప్రాణానికి ఒక అబద్ధం చెబితే తప్పేముంది? సిగ్నల్‌మేన్ మూటకి ఇంకో ముడి బిగించాడు. విశాఖలో దిగాక నేను దువ్వాడ వెళ్ళిపోవాల్సింది, వెళ్ళలేదు. ముగ్గురం కలిసే కంచరపాలెం వెళ్ళాం.

వాళ్ళమ్మ గోడకి ఆనుకుని కూర్చుని ఉంది, వెళ్ళేటప్పటికంటే చిక్కిపోయింది. వాడు మూట విప్పి రాయి ముందు పెట్టాడు. ఆవిడ చెయ్యి చాపబోయింది.

"ఆగమ్మా," అన్నాడు వాడు. "ఇది అవతలిది కాదు. ఇవతల ఒడ్డుది. బండలు కనపడ్డాయి. సగం దాటేను. సగంలోంచి వచ్చేసేను."

ఆవిడ చెయ్యి గాలిలోనే ఉండిపోయింది. "ఎందుకొచ్చేసేవు?"

"ఈడు ఆపన్నాడు."

ఆవిడ వెల్డరు వైపు తిరిగింది. వాడి చేతిలో టీ గ్లాసు ఉంది. "ఎలాగన్నావు బాబూ?" అని అడిగింది. వాడు గ్లాసు కింద పెట్టి, సిగ్గుపడుతూ, రెండు చేతులూ పైకెత్తి చూపించాడు. ఆవిడ ఆ చేతుల్ని చాలాసేపు చూసింది. దించమని ఆవిడా అనలేదు, దించాలని వాడికీ తోచలేదు.

"ఆగకపోతే?" అంది చివరికి.

"చెట్టొచ్చి తీసుకుపోయేది," అన్నాడు సిగ్నల్‌మేన్.

ఆవిడ కొడుకుని తల నుంచి కాళ్ళ దాకా చూసింది. మోకాలు తడిమింది, ఉందో లేదో అన్నట్టు. "ఆగడం కష్టమేనేటిరా?"

"ముందుకెళ్ళడానికేటుందమ్మా, కాళ్ళే ఎళ్ళిపోతాయి. రెండడుగుల్లో బండలు కనపడతండగా ఎనక్కి తిరగడం..."

ఆవిడే మళ్ళీ, మాతో కాదన్నట్టు, అంది. "నాన్న ఆవేళ తడిసిపోయి వచ్చి నా పక్కన కూకున్నాడు. ఒక్క మాట అననేదు. నాను ఈ సేతుల్తోటే ఆయన్ని కొట్టేను. కొట్టించుకున్నాడు. మరెప్పుడూ ఆ ఊసెత్తనేదు, పోయేదాకా." రాయి వైపు చూసింది. "ఆయనెళ్ళిపోయుంటే ఆ ఒడ్డున నానొక్కదాన్నే కదేటిరా."

అని, కొడుకు భుజం పట్టుకుని లేచింది. లేవద్దంటే వినలేదు. తలుపు వెనక్కి వెళ్ళి మేకు నుంచి ఫోటో తీసింది. కొంగుతో అద్దం తుడిచింది, మూలల్లో బూజు గోటితో గీకింది. తెచ్చి కిటికీ అరుగు మీద, వెలుగులో నిలబెట్టింది. అద్దంలో మొహం అప్పుడు సరిగా కనిపించింది. మా సిగ్నల్‌మేన్ పోలికే.

"దినం ఇద్దరికీ కలిపే పెడదాం," అంది. రాయి ఎత్తి, ఆయనకు ఎడమపక్కన, భార్య కూర్చునే చోట పెట్టి, దానికి బొట్టు పెట్టింది. ఆ తరవాత ఆయనకీ పెట్టింది.

అంతలో బయట రైలుబండి వెళ్ళింది. గోడలు అదిరాయి, గిన్నెలు గలగలమన్నాయి. అలవాటుగా నేను తలుపు వైపు చూశాను. అక్కడ చప్పుడు లేదు. కిటికీలో ఫోటో రాయికి ఆనుకుని కదలకుండా ఉంది.